ఏడో షరతు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? నేనైతే నాలుగు రోజులుగా ఒక కాగితం ముందేసుకుని కూర్చున్నాను. వచ్చే నెల మన నిరసన ఊరేగింపుకి పర్మిషన్ అడిగితే చేతిలో పెట్టారు. టైము, దారి, మైకు, అంబులెన్సుకి సందు, వాలంటీర్ల పేర్లు... ఆరు షరతులదాకా పేచీ లేదు. ఏడోది చూడు: "ఎవరివల్ల ఏ నష్టం జరిగినా నిర్వాహకుడే పూర్తి బాధ్యుడు." నిర్వాహకుడంటే నేనే. కింద చుక్కల గీత పక్కన నా పేరు పెన్సిల్‌తో ముందే రాసిపెట్టారు కూడా!

"ఎవరివల్ల" దగ్గరే పెన్ను ఆగిపోయిందిరా. రాయి నేను విసిరితే నన్నడగండి. విసరమని చెప్పినా నన్నే అడగండి. ముక్కూ మొహం తెలీనివాడెవడో మధ్యలో దూరి అద్దం పగలగొట్టి పోతే? మా ఆవిడైతే, "ముందు ఇల్లు నా పేరుకి మార్చి, తర్వాత సంతకం పెట్టుకోండి" అంది. బీమా ఏమైనా దొరుకుతుందేమోనని ఒక ఏజెంటుకి ఫోన్ చేశాను. "నిరసనకా సార్?" అని నవ్వాడు.

రాత్రి నిద్రపట్టక పాత కేసులు చదివాను. 1966లో అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలోని పోర్ట్ గిబ్సన్‌లో, నల్లజాతివాళ్లు తెల్లవాళ్ల దుకాణాల్లో కొనడం మానేశారు. వ్యాపారులు దావా వేస్తే కింది కోర్టు 12.5 లక్షల డాలర్లు కట్టమంది. 1982లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కొట్టినవాళ్లు, బెదిరించినవాళ్లు దానివల్ల జరిగిన నష్టం కట్టాలి గానీ, శాంతంగా కొనడం మానేసినందుకు పోయిన బేరం ఎవరూ కట్టక్కర్లేదంది.

దక్షిణాఫ్రికాది ఇంకో దారి. 2006లో కేప్‌టౌన్‌లో సెక్యూరిటీ గార్డుల యూనియన్ ఊరేగింపులో కార్లు, షాపులు ధ్వంసమయ్యాయి. నష్టం నిర్వాహకుల దగ్గర వసూలు చేసే చట్టం చెల్లుతుందని 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. తప్పించుకోవాలంటే మేం ఒప్పుకోలేదని, ముందుగా ఊహించలేకపోయామని, చేతనైన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని మనమే రుజువు చేసుకోవాలి. కారు పగిలినవాడి వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే అనిపిస్తుంది. వాడేం పాపం చేశాడు? కానీ యూనియన్‌కి మనుషులుంటారు, లాయర్లుంటారు. మనం ముప్పైమందిమి, ఒక బ్యానరు.

మళ్లీ అమెరికాకే వస్తే, జార్జియా రాష్ట్రంలో ఒక కౌంటీ (మన జిల్లాలాంటిది) అయితే బందోబస్తు ఖర్చు అంచనా వేసి ఊరేగింపుకి రోజుకి 1,000 డాలర్ల దాకా ఫీజు పెట్టుకునేలా రూలు చేసింది. 1992లో అమెరికా సుప్రీంకోర్టు అది చెల్లదంది. మనమంటే గిట్టనివాళ్లు ఎంత ఎక్కువుంటే మన బిల్లు అంత పెరుగుతుంది కదరా మరి!

చివరికి ఏడో షరతు కొట్టేసి, "నేను చేసినదానికి, చేయించినదానికి బాధ్యుణ్ని. దారి పొడవునా వాలంటీర్లను పెడతాను" అని రాసి సంతకం పెట్టాను. గుమస్తా రెండుసార్లు చదివి, "పైన అడుగుతాను" అంటూ ఫైల్లో పెట్టుకున్నాడు. ఇంకా జవాబు లేదు.

నువ్వు మాత్రం ఒకరోజు ముందే వచ్చెయ్. వెనకవైపు తాడు పట్టుకోడానికి మనిషి తక్కువయ్యాడు.

నీ
మూర్తి