ఆంగ్‌కోర్ వాట్ వెళ్లేవారికి

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో కంబోడియా వెళ్లాలనుకుంటున్నవారికి ఒక మనవి. ఆంగ్‌కోర్ వాట్‌ను ఒక్క పూటలో చుట్టేసి రాకండి. ఒకరోజు టికెట్ 37 డాలర్లు, మూడు రోజులది 62. మూడు రోజులదే తీసుకోండి. అవి వరుస రోజులు కానక్కర్లేదు, పది రోజుల్లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు.

సూర్యోదయం చూడగానే చాలామంది ఫలహారానికి వెళ్లిపోతారు. మీరు మాత్రం నేరుగా తూర్పు వసారాకు నడవండి. అక్కడ గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉంది. వాసుకిని అటు 92 మంది అసురులు, ఇటు 88 మంది దేవతలు పట్టుకుని లాగుతుంటే నడుమ విష్ణుమూర్తి. కింద సుడిలో చిక్కి ముక్కలైన చేపలను, మొసళ్లను కూడా శిల్పి వదిలిపెట్టలేదు. చిన్నప్పటి నుంచి విన్న కథే కదా, అందుకేనేమో అక్కడి నుంచి కదలబుద్ధి కాదు. 12వ శతాబ్దంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఆలయం ఇది. ఇప్పుడు బౌద్ధ భిక్షువులు పూజలు చేస్తారు.

భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు లేకపోతే పై అంతస్తుకు ఎక్కనివ్వరు. బౌద్ధుల పర్వదినాల్లో ఆ అంతస్తు మూసి ఉంటుంది, ముందే కనుక్కోండి. గులాబీ రంగు ఇసుకరాతి బంతే స్రెయి ఆలయం కొంచెం దూరమైనా తప్పక చూడండి. ఏప్రిల్ ఎండల్లో మాత్రం పెద్దవారిని తీసుకెళ్లవద్దు.

తేదీలు ఖాయమైనవారు ఇక్కడ రాయండి, కలిసి బండి మాట్లాడుకుందాం.