బూడిదమట్టిలో ఉలవ గింజ

సంపాదకులకు నమస్కారం.

దక్షిణాదిలో సాగు పుట్టుక గురించి రాసేవారు రాతిగొడ్డళ్లు, కుండపెంకుల దగ్గరే ఆగిపోతున్నారు గానీ, బళ్లారి దగ్గరి సంగనకల్లులోనూ, కర్నూలు, కడప ప్రాంతాల నవీన శిలాయుగపు ఊళ్లలోనూ దొరికిన మాడిన గింజలను పట్టించుకోవడం లేదు. తవ్విన మట్టిని నీళ్లలో కలిపితే బొగ్గయిన గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నజల్లెడతో పట్టి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అలా బయటపడినవాటిలో ముఖ్యమైనవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు (వరి కాదు సుమా).

ఏరుకు తిన్నదేదో, పండించినదేదో తేల్చడమే కష్టం. పోలికకు వరిని చూడండి: అడవి వరి గింజ పండగానే రాలుతుంది కనుక ఊడినచోట మచ్చ నునుపుగా ఉంటుంది. సాగు వరిని నూర్చాలి కాబట్టి అక్కడ చిరుగు కనిపిస్తుంది. పప్పుగింజల్లో ఆ ఆనవాలు సులువుగా చిక్కదు. అందుకే, సాగులో గింజ క్రమంగా పెద్దదవుతుంది కనుక, తరతరాల గింజల పరిమాణాన్ని, మాడినప్పుడు కుంచించుకుపోయిన మేరకు సవరించి, కొలుస్తారు. ఇకపై ఇటువంటి వ్యాసాల్లో గొడ్డలి పక్కన ఉలవ గింజ ఫొటో కూడా వేయవలసిందిగా మనవి.

– ఒక పాఠకుడు, కర్నూలు