ఆ పిట్ట మేకపాలు తాగదు నాన్నగారూ

బేసింగ్‌స్టోక్, ఇంగ్లండ్,
అక్టోబరు 12

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. చలి మొదలైంది, పిల్లదానికి జలుబు, అంతే. అమ్మ మోకాళ్ళకి కొత్తగా రాసిచ్చిన మందు పనిచేస్తోందా? నేనడిగితే "బాగానే ఉన్నా" అని ఫోన్ మీకిచ్చేస్తుంది.

మీరు రాసి పంపిన, అర్థం తెలియని ఇంగ్లీషు మాటల పట్టిక అందింది. ఫోన్‌లో చదవాలంటే కళ్ళు లాగుతున్నాయన్నారు కదా, అందుకే జవాబు కాగితం మీద రాస్తున్నాను. రిటైరయ్యాక ప్రకృతి గురించి రాసిన గిల్బర్ట్ వైట్‌ని చదవడం మొదలుపెట్టారంటే భలే సంతోషంగా ఉంది. ఆయన ఊరు సెల్‌బోర్న్ మాకు కారులో అరగంట. ఆ ఊరి ప్రకృతి మీద ఆయన రాసింది 1789లో వచ్చిన పుస్తకం, మీ ఇంట్లో ఉన్న చిన్న డిక్షనరీకి అందదు లెండి.

ముందు హ్యాంగర్ సంగతి. చొక్కాలు తగిలించేది కాదు. నిటారుగా ఉన్న కొండవాలుకి అతుక్కుని పెరిగిన అడవిని హ్యాంగర్ అనేవారు. సెల్‌బోర్న్ వెనక ఉన్నది బీచ్ చెట్ల అడవి (సముద్రపు బీచ్ కాదండోయ్). దాని మీదికి వైట్, ఆయన తమ్ముడు కలిసి 1753లో వంకరటింకర దారి ఒకటి తవ్వించారు. ఇప్పటికీ జనం దాని మీదే ఎక్కుతారు. మీ కాళ్ళకి అది కష్టమే.

పిస్‌మైర్ అంటే చీమ. అమ్మకి చదివి వినిపించకండి. మైర్ అంటే పాత ఇంగ్లీషులో చీమే, ముందున్న ముక్క ఉచ్చ. చీమలపుట్ట నుంచి వచ్చే ఘాటు వాసన చూసి పెట్టిన పేరు. మీరు క్లాసులో చెప్పిన ఫార్మిక్ ఆమ్లం గుర్తుందా, ఆ పేరుకి మూలమైన ఫార్మికా కూడా లాటిన్‌లో చీమే. పల్లెటూరివాళ్ళు ముక్కుతో కనిపెట్టిందాన్నే కెమిస్టులు మర్యాదగా చెప్పారు.

అర్చిన్ అంటే అసలు హెడ్జ్‌హాగ్. మన ఏదుపందిలా ఒళ్ళంతా ముళ్ళే కానీ దోసిట్లో పట్టేంత జంతువు. చింపిరి జుట్టుతో వీధుల్లో తిరిగే పిల్లలకి ఆ పేరు తర్వాత అంటింది. సముద్రంలో ఉండే సీ అర్చిన్ కూడా ఈ ముళ్ళవల్లే. ఇక యాడర్, ఈ దేశంలో ఉన్న ఒకే ఒక్క విషసర్పం. దాని పాత పేరు నాడర్. "ఎ నాడర్" అని గబగబా అంటూ అంటూ, మొదటి అక్షరాన్ని ముందు మాటకి ఇచ్చేసి "యాన్ యాడర్" చేసుకున్నారు.

గోట్‌సకర్ (మేకపాలు పీల్చేది) దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. ఇప్పుడు దాన్ని నైట్‌జార్ అంటున్నారు. పగలంతా ఎండుటాకుల్లో ఆకులా కలిసిపోయి కూర్చుని, మసక చీకటి పడ్డాక పెద్ద నోరు తెరిచి రెక్కల పురుగుల్ని పట్టుకునే పక్షి. పశువులున్న చోట పురుగులుంటాయి కాబట్టి అక్కడికొస్తుంది. అది చూసి, రాత్రిపూట మేకల పొదుగులో పాలు తాగేస్తోందని నిందేశారు. అరిస్టాటిల్ కాలం నుంచీ ఉంది ఈ కథ. శాస్త్రజ్ఞులు కూడా కాప్రిమల్గస్, అంటే మేకపాలు పితికేది, అన్న లాటిన్ పేరే ఉంచేశారు. వైట్ ఊరి రైతులైతే ఇంకో మెట్టెక్కారు. అది పొడిస్తే దూడలకి జబ్బొచ్చి చస్తాయనేవారట. ఆ జబ్బు పేరు పకరిడ్జ్, పక్షికీ అదే పేరు తగిలించారు. వైట్ కొట్టిపారేశాడు. పశువుల వీపు మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది, ఆ పురుగులే చర్మంలోకి దిగి జబ్బు తెస్తాయి, పక్షికి ఏ పాపం తెలియదు అన్నాడు. పాత మాటలు పోతున్నాయని ఇక్కడ చాలామంది బాధపడతారు. పిల్లల ఆక్స్‌ఫర్డ్ జూనియర్ డిక్షనరీ 2007 కూర్పులో ఏకార్న్ (ఓక్ చెట్టు కాయ), ఆటర్ (నీటికుక్క), కింగ్‌ఫిషర్ తీసేసి బ్లాగ్, బ్రాడ్‌బ్యాండ్ చేర్చారు. మన లకుముకి పిట్టకి చోటు లేకపోవడం నాకూ నచ్చలేదు. కానీ గోట్‌సకర్ పోతే మాత్రం నేనేమీ ఏడవను.

చివర్లో ప్రశ్నార్థకం పెట్టిన బాండికూట్ చూసి నవ్వాగలేదు. అది మన పందికొక్కే నాన్నగారూ! యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు 1886లో వేసిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో తెలుగు నుంచి వచ్చిందని రాసి, "పంది ఎలుక" అని అర్థం కూడా చెప్పారు. ఈ ఎలుకల శాస్త్రీయ నామం బాండికోటా, అంటే ప్రపంచమంతా మన పందికొక్కునే పిలుస్తోంది. తమాషా ఏమిటంటే, ఆస్ట్రేలియాలో మూతి సాగిన చిన్న జంతువొకటి తెల్లవాళ్ళకి కనబడితే దానికీ ఈ పేరే పెట్టారు. అది కంగారూలా పొట్టసంచిలో పిల్లల్ని పెంచే రకం, ఎలుకలతో ఏ చుట్టరికమూ లేదు. మన గాదెలు తినేసినవాడికి అక్కడిదాకా పరపతి!

పట్టికలో మిగిలిన గాసమర్, బటర్‌బంప్ సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఈలోగా మీరు నాకో పని చేసిపెట్టాలి. నైట్‌జార్ మన వైపూ ఉంటుంది. చీకటి పడ్డాక డొంకదారిలో నేల మీద కూర్చుని, బండి లైటు పడితే ఎర్రగా కళ్ళు మెరుస్తాయే, అదే. పొలానికి వచ్చే పెద్దవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో, దాని మీద వాళ్ళు వేసిన నిందలేమిటో అడిగి రాయండి. మేకల కథ మన దగ్గరా ఉందేమో చూద్దాం.

అమ్మకి నమస్కారాలు. బీపీ మాత్ర మానకండి.

మీ అమ్మాయి