మంత్రిగారూ, పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో ఆ సీసాలు పెట్టించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ముప్పై ఒక్క ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. పెన్షన్ కోసమో మరో పని కోసమో ఈ ఉత్తరం రాయడం లేదు. నెగెటివ్ రక్తం ఉన్న తల్లులకు వేయాల్సిన ఒక ఇంజెక్షన్ గురించి రాస్తున్నాను. దాని పేరు యాంటీ-డి.

నేను చివరగా పనిచేసిన ఊళ్లో ఒక పిల్లాడున్నాడు. తొమ్మిదేళ్లవాడు. గోళీలాటలో ఆ వీధిలో వాడిని కొట్టేవాడు లేడు. కానీ వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడడు. వాడికి వినపడదు. వాళ్లమ్మ తల్లీబిడ్డల కార్డు మీద ‘బి నెగెటివ్’ అని రాసింది నేనే.

ఆమెకు మొదటి కాన్పులో ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం, రెండో రోజే ఇంటికి పంపించారు. బిడ్డ బ్లడ్ గ్రూప్ ఎవరూ చూడలేదు. యాంటీ-డి స్టాకు లేదు, బయట తెచ్చుకోమని చీటీ రాసిచ్చారట. రెండు వేల పైమాటే అన్నారట మందుల షాపులో. మిరపకాయల కోతకు వెళ్లిన కూలి డబ్బులు ఆ ఇంటికి ఇంకా రాలేదు. చీటీని కార్డులో మడిచి పెట్టుకుని ఇంటికొచ్చేశారు. మూడో రోజు నేను వెళ్లాను. బిడ్డ బరువు చూశాను, బొడ్డు చూశాను, పాలు పడుతున్నాయా అని అడిగాను. ఆ కార్డు తెరిచి చూడలేదు. ఆ ఇంజెక్షన్ వేయడానికి అప్పటికి ఇంకా కొన్ని గంటల టైముంది. ఆ గంటలు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వవు.

రెండో కాన్పులో ఈ పిల్లాడు పొద్దున పుట్టాడు. రాత్రికల్లా పసుపు పూసినట్టు అయిపోయాడు. పసిపిల్లలకు కామెర్లు మామూలే, పొద్దున్నే ఎండ చూపిస్తే పోతాయని నాయనమ్మ అంది. పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపే కనిపించే కామెర్లు ఎండకు పోయేవి కావని ఆమెకెలా తెలుస్తుంది? మర్నాటికి పాలు మానేశాడు. ఒళ్లు వెనక్కి విల్లులా వంగింది. పెద్దాసుపత్రిలో ఒంట్లో రక్తమంతా మార్చి ప్రాణం నిలబెట్టారు. అప్పటికే ఆ కామెర్ల పసుపు మెదడుకెక్కి వినికిడి పోయింది.

ఇది ఎందుకు జరుగుతుందో ఊళ్లో ఆడవాళ్లకు ఎన్నోసార్లు చెప్పాను, అలాగే మీకూ చెబుతాను. గ్రూప్ చూసేటప్పుడు పలక మీద మూడు రక్తపు చుక్కలు వేసి, మూడు మందులు కలుపుతారు. ఒకటి నీలం, ఒకటి పసుపు, మూడోది నీళ్లలా ఉంటుంది. ఆ మూడో చుక్క పాలు విరిగినట్టు విరిగితే పాజిటివ్, విరక్కపోతే నెగెటివ్. మన దేశంలో వందకు సుమారు ఐదుగురు నెగెటివ్ వాళ్లుంటారు. తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావచ్చు. కాన్పులో బిడ్డ రక్తం కొద్దిగా తల్లి ఒంట్లోకి వెళ్తుంది. తల్లి ఒళ్లు దాన్ని పరాయిదని పసిగట్టి విరుగుడు తయారుచేసుకుంటుంది. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆ విరుగుడు మాత్రం తల్లి ఒంట్లో ఉండిపోతుంది. తర్వాతి కడుపులో బిడ్డ మళ్లీ పాజిటివ్ అయితే మాయ దాటి వెళ్లి ఆ బిడ్డ రక్తాన్ని విరిచేస్తుంది. కొందరు కామెర్లతో పుడతారు. కొందరు ఒళ్లంతా నీరు పట్టి కడుపులోనే పోతారు. రెండుసార్లు, మూడుసార్లు అలా పోతే ఊళ్లో మేనరికమంటారు, దిష్టి అంటారు, ఆ పిల్లకు కడుపు నిలవదంటారు. తాయెత్తులు కట్టిన ఆ చేతులకు నేనే బీపీ పట్టీ చుట్టాను.

తల్లి ఒళ్లు పసిగట్టేలోపే ఆ బిడ్డ రక్తకణాలను తుడిచిపెట్టేయడమే యాంటీ-డి చేసే పని. ఏడో నెలలో, అంటే 28 వారాలకు ఒకటి, బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి వేయాలి. అసలేమీ వేయకపోతే ఇలాంటి తల్లుల్లో వందకు సుమారు 16 మందికి విరుగుడు పుడుతుంది. కాన్పు తర్వాత వేస్తే వందకు ఇద్దరికి మించదు. రెండూ వేస్తే వెయ్యికి ఒకరో ఇద్దరో. విరుగుడు ఒకసారి పుట్టిందా, తర్వాత ఎన్ని యాంటీ-డిలు వేసినా లాభం లేదు. ఈ మందు వాడకంలోకి వచ్చింది 1968లో, అంటే నేను బడికి కూడా వెళ్లని రోజుల్లో. ఇన్నేళ్ల తర్వాత కూడా మా మండలంలో ఒక తల్లికి అది అందలేదు.

ఇది మనుషుల రక్తం నుంచి తీసే మందు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన ఈ మందు కోసం 81 ఏళ్లు వచ్చేదాకా మొత్తం 1,173 సార్లు దానం చేశారు. 2025లో కన్నుమూశారు. ఎక్కడో ఎవరో చెయ్యి చాచి ఇచ్చిన మందు మన ఆసుపత్రి మెట్ల దగ్గరికొచ్చి చీటీ ముక్క అయిపోతోందే అని నా బాధ.

2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మరి ఈ ఒక్క మందుకు చీటీ ఎందుకు రాస్తున్నారు? లెక్క చూడండి. ఏడాదికి 200 మంది గర్భిణులుండే పీహెచ్‌సీలో నెగెటివ్ తల్లులు సుమారు పది మంది. అంతే. ఆ పది మందికీ ఏడో నెల ఇంజెక్షన్ పీహెచ్‌సీలో, కాన్పు తర్వాతది కాన్పులు చేసే ప్రతిచోటా, అర్ధరాత్రయినా దొరకాలి. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. టీకాల ఫ్రిజ్‌లో వేరే మందు పెట్టకూడదని మాకు రూలుంది, ఆ రూలు మంచిదే. అయితే ఇంకో చిన్న ఫ్రిజ్ ఇప్పించండి. స్టాకు అయిపోయాక మందు పంపమని ఇండెంట్ పెట్టడం కాకుండా, నెగెటివ్ అని కార్డు మీద రాసిన రోజే ఆమె పేరున మందు రావాలి.

గ్రూప్ రాస్తే సరిపోదని నేను చేసిన పొరపాటు నుంచి నేర్చుకున్నాను. నెగెటివ్ తల్లి కార్డు మీద దూరం నుంచే కనిపించేలా ఎర్ర స్టిక్కరు ఉండాలి. మా వైపు వాళ్లు వలసపోతారు, ఒకచోట పరీక్షలు, ఇంకోచోట కాన్పు. అక్కడి నర్సమ్మకు ఆ స్టిక్కరే చెప్పాలి. ఒంట్లో విరుగుడు ఉందో లేదో చెప్పే కూంబ్స్ పరీక్షకు ఇప్పుడు పట్నం పోవాల్సి వస్తోంది. సాంపిల్ జిల్లా ల్యాబుకు వెళ్లి రిపోర్టు పీహెచ్‌సీకి రావాలి, కడుపుతో ఉన్న మనిషి బస్సులెక్కి తిరగకూడదు. బొడ్డుతాడు రక్తంతో బిడ్డ గ్రూప్ చూసి, డిశ్చార్జి కాగితం మీద రాశాకే ఇంటికి పంపాలి.

అబార్షన్ల సంగతి ఇంకా దారుణం. కడుపు పోయినా, తీయించుకున్నా, ట్యూబులో గర్భం వచ్చినా ఈ ఇంజెక్షన్ గురించి ఆలోచించాల్సిందే. కానీ చాటుగా జరిగే పనికి కార్డు ఎక్కడ ఉంటుంది? ప్రైవేటు నర్సింగ్ హోములకు కూడా మీ శాఖ నుంచి గట్టి ఆదేశం వెళ్లాలి.

రక్తం ఎక్కించేటప్పుడు కూడా అంతే జాగ్రత్త కావాలి. గ్రూప్ తప్పితే మనిషి ప్రాణమే పోవచ్చు, అది అందరికీ తెలుసు. పెళ్లి కాని నెగెటివ్ పిల్లకు పొరపాటున పాజిటివ్ రక్తం ఎక్కిస్తే మాత్రం ఆ రోజు ఏమీ తెలియదు. పదేళ్ల తర్వాత ఆమె కడుపులో బిడ్డకు తెలుస్తుంది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఈమధ్య సంబంధాలు చూసేటప్పుడు నెగెటివ్ అని తెలిస్తే పిల్లను వద్దంటున్నారు. ఒక ఇంట్లో తల్లి నా చెయ్యి పట్టుకుని, గ్రూప్ మార్చే మందుందా అమ్మా అని అడిగింది. పిల్లలో ఏ లోపమూ లేదు, వేళకు ఇంజెక్షన్ పడితే చాలని చెప్పాను. వేళకు మందు ఇవ్వగలమని మీ శాఖ ధైర్యంగా చెప్పగలిగితే ఆ ఇళ్లలో టెన్షన్ సగం తగ్గుతుంది.

ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులందరినీ పీహెచ్‌సీకి పిలిచి డాక్టర్లు చూస్తారు. వచ్చే 9వ తేదీన, ముందుగా చెప్పకుండా, ఏదైనా ఒక మారుమూల పీహెచ్‌సీకి వెళ్లండి. రిజిస్టరు తీయించి నెగెటివ్ తల్లులు ఎంతమందో లెక్కపెట్టండి. తర్వాత మీ చేత్తోనే ఫ్రిజ్ తలుపు తీసి, సీసాలు ఎన్నున్నాయో చూడండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
ప్రకాశం జిల్లా