తాతయ్య చేతి మీద రక్తప్రసరణ పాఠం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఏడో తరగతిలో రక్తప్రసరణ పాఠం జరుగుతోంది. గుండె బొమ్మ దించి, రంగులు వేసి, పేర్లు బట్టీపడితే పాఠం వచ్చినట్లు కాదని నా గట్టి నమ్మకం. అందుకే ఈ వారం ఇంటిపనికి మీ సాయం కావాలి.

పిల్లలు మీ చేతిని, ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే వారి చేతిని పరిశీలిస్తారు. పెద్దవారి సిరలు ఉబ్బి బాగా కనిపిస్తాయి. చేయి కాసేపు కిందికి వేలాడదీసి, ముంజేతి సిరను మణికట్టు వైపు ఒక వేలితో నొక్కి పట్టాలి. మరో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు నిమరాలి. పై వేలు తీసినా రక్తం వెనక్కి రాదు, సిర లోపల ఒకవైపే తెరుచుకునే తలుపులాంటి కవాటం అడ్డుకుంటుంది. కింది వేలు తీసిన క్షణంలో సిర నిండుతుంది.

సిరల్లో రక్తం గుండె వైపే వెళ్తుందని 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే చూపించింది ఇలాగే. రక్తం కాలేయంలో పుట్టి అవయవాల్లో ఖర్చయిపోతుందని అంతవరకు శతాబ్దాలుగా నమ్మేవారు. గుండె నెట్టే రక్తాన్ని ఆయన లెక్కగట్టాడు. తిన్న తిండి నుంచి అంత రక్తం తయారు కావడం అసాధ్యం, కాబట్టి ఉన్న రక్తమే తిరిగి వస్తోందని తేల్చాడు. గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లే ధమనుల్లోంచి సిరల్లోకి దారి ఎక్కడుందో మాత్రం ఆయనకు కనిపించలేదు. 1661లో ఇటలీ వైద్యుడు మాల్పీజీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తుల్లో ఆ రెంటినీ కలిపే అతి సన్నని గొట్టాలను, అంటే కేశనాళికలను, చూశాకే ఆ చిక్కు వీడింది. పిల్లలు ఈ కథ దగ్గర ఎన్ని ప్రశ్నలు అడిగినా విసుక్కోకండి.

ఒక మనవి. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని మనం చదువుకున్న మాట వారికి నేర్పవద్దు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఉండేది ఆక్సిజన్ తగ్గిన రక్తమే. అది నీలంగానూ ఉండదు, ముదురు ఎరుపు.

ఆదివారం ఆర్కే బీచ్‌కో కైలాసగిరికో వెళ్తే నడకకు ముందు, తరువాత నాడి లెక్కించనివ్వండి. బొటనవేలు వాడవద్దు, దానిలోని నాడి లెక్క తప్పిస్తుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారికి నిమిషానికి 60 నుంచి 100 వరకు ఉంటుంది.

రక్తం పలచబడే మాత్రలు వాడేవారి చేతిని నొక్కనివ్వకండి. డయాలసిస్ కోసం సిద్ధం చేసిన చేతిని అసలు తాకనివ్వకండి. మీ బిడ్డకు గుండె సమస్యగానీ ఉబ్బసంగానీ ఉంటే తరగతి ఉపాధ్యాయులకు ముందే తెలపండి. వివరాలు రాసిన కాగితాన్ని సోమవారం పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు,
విశాఖపట్నం