స్వరాలు పాటలోంచి రావాలి

సంపాదకులకు,

నేను చిన్నపిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతాను. చాలాచోట్ల సంగీతం పీరియడ్ అంటే బోర్డు మీద 'స రి గ మ ప ద ని' రాసి అప్పజెప్పించడమే అవుతోంది. ఇది చూస్తే బాధగా ఉంది. పిల్లలు ఎక్కాల్లా గడగడా చెప్పేస్తారు. 'మ' ఒక్కటీ పాడమంటే మాత్రం మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాల్సిందే.

సరళీ స్వరాలు, అంటే స్వరాలను వరుసగా ఎక్కుతూ దిగుతూ పాడే తొలి పాఠాలు, వద్దని కాదు. కానీ అవి నేర్పే మాయామాళవగౌళ రాగంలో స, రి బాగా దగ్గర; రి నుంచి గ చాలా ఎడం. పసిగొంతు ఆ రిషభాన్ని (రి) పైకి లాగేస్తుంది. పాటలో అయితే మాటల ఊపులో అదే రిషభం చక్కగా నిలుస్తుంది. అందుకే ముందు మలహరి రాగంలో పురందరదాసు పిళ్ళారి గీతం (మొదట్లో నేర్పే చిన్న పాట) ఒకటి సాహిత్యంతో, అంటే మాటలతో, నేర్పుతాను. అది నోటికి వచ్చాక అదే వరుసకు స్వరాలు పాడిస్తాను. మలహరిలో నిషాదం (ని) లేదు, గాంధారం (గ) దిగేటప్పుడే వస్తుంది. "టీచర్, పైకి వెళ్లేటప్పుడు గ ఏదీ?" అని ఓ పాప అడిగింది. ఆరోహణ (స్వరాలు ఎక్కడం), అవరోహణ (దిగడం) అనే మాటలు నేనింకా చెప్పనేలేదు, ఆ చెవికి అప్పుడే తెలిసిపోయింది!

శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే 'స' ఎత్తు, సంగతీ చూడాలి. మగ టీచర్లు తమ ఒకటో శ్రుతిలోనే పాడిస్తే పిల్లలకు కింది స్వరాలు అందక గొణుగుతారు. ఐదో శ్రుతికి పెంచితే గొంతు విప్పుతారు.

సంగీతం సిలబస్ తయారుచేసేవారు మొదటి ఏడాది నోట్‌బుక్ లేకుండా పాటలతోనే నడిపించాలనీ, స్వరాల మీద రాతపరీక్ష తీసేయాలనీ కోరుతున్నాను.

– ఒక సంగీతం టీచర్