చలికాలం గాలి: గేటు దగ్గర, ఇంట్లో, భోగి మంట దగ్గర

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ నెల ముందుగా గాలి గురించే రాస్తున్నాను. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పిల్లల్లో దగ్గు, ఆయాసం, పిల్లికూతలు పెరిగే కాలమిది.

గాలి కాలుష్యం ఢిల్లీ వాళ్ల బాధ అనుకుంటాం. కానీ 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి చేరిన 13 నగరాల్లో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. ఇక్కడ ముఖ్యంగా చెప్పుకోవలసింది దుమ్ము. కప్పకుండా తోలే ఇసుక, కంకర లారీలు, తవ్వి వదిలేసిన రోడ్డు అంచులు, కట్టడాలు, మిల్లుల ఊక బూడిద, చెత్త మంటలు, బళ్ల పొగ అన్నీ కలిసి పిల్లల ముక్కుకు చేరుతున్నాయి.

కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగి తుమ్ముతోనో కఫంతోనో బయటికి వచ్చేస్తుంది. అసలు భయం 2.5 మైక్రాన్ల లోపు రేణువులతోనే. తల వెంట్రుక మందంలో అవి ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ఊపిరితిత్తుల అట్టడుగు గదుల దాకా పోతాయి, మరీ సన్ననివి రక్తంలోనూ కలుస్తాయి. ఏదైనా కాలినప్పుడు వచ్చే పొగలో ఎక్కువగా ఉండేవి ఇవే. వీటికి మన దేశం పెట్టుకున్న హద్దు ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. పిల్లలు పెద్దల కంటే వేగంగా ఊపిరి తీస్తారు, వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతున్నాయి. అందుకే అదే గాలి వాళ్లకు ఎక్కువ చెరుపు.

చలికాలంలోనే ఇదంతా ఎందుకు ముదురుతుంది? రాత్రి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలీ చల్లబడుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. తెల్లవారుజామున రాజేసిన పొగ పైకి పోలేక మనిషి ఎత్తులోనే పరుచుకుంటుంది. మనం మంచు అనుకునే దాంట్లో కొంత ఈ పొగే. ఎండ ఎక్కాక మూత విడిపోతుంది, మధ్యాహ్నానికి సముద్రపు గాలి కూడా తోడవుతుంది. అందుకే సంక్రాంతి సెలవుల దాకా ఉదయం ప్రార్థన తరగతి గదుల్లోనే జరుపుతాం, ఆటల పీరియడ్లు సాయంత్రానికి మార్చాం. ఆయాలు నీళ్లు చిలకరించాకే వరండాలు ఊడుస్తున్నారు. మన అమ్మమ్మలు వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గు పెట్టిన పద్ధతే ఇది. పొడి చీపురుతో ఊడిస్తే అడుగున ఉన్న దుమ్ము ముఖానికే లేస్తుంది.

ఇక గేటు దగ్గరి సంగతి. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు బండి ఆపకుండానే నిలబడుతున్నారు. ఒకటో తరగతి పాప నిలబడితే ఆటో, బైకు సైలెన్సర్లకు పెద్దల కంటే ఎంతో దగ్గరగా ఉంటుంది ఆమె ముక్కు. అర నిమిషం మించి ఆగాలంటే ఇంజను కట్టేయండి. మీ బండి నల్లగా పొగ వదులుతుంటే ఇంధనం సరిగా కాలడం లేదు, ముందు ఎయిర్ ఫిల్టరు విప్పించి చూపించండి. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఫిల్టరు మారిస్తే అది తగ్గదు, రింగులూ వాల్వు సీళ్లూ చూడాలి.

ఇంట్లో దోమల చుట్టను (కాయిల్‌ను) మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్న రేణువులు 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. తలుపులు బిగించిన గదిలో పిల్లల మంచం కింద అది రాత్రంతా రాజుతుంది. దోమతెర కట్టండి, పరుపు కిందికి అంచులు దోపండి.

భోగి మంట వేసుకుందాం, వద్దనడం లేదు. పిడకలు, ఎండిన కట్టె, తాటాకులు చాలు. పచ్చి కట్టె మంట కంటే పొగే ఎక్కువ పెడుతుంది. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, పాత పరుపులు మాత్రం వేయకండి. పీవీసీ కాలితే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి, టైరు పొగ జిడ్డుమసిగా గొంతు పట్టేస్తుంది. పిల్లలు పిడకల దండలు వేసేటప్పుడు గాలి వచ్చే వైపు నిలబెట్టండి.

ఈ నెల ఏడో తరగతి వాళ్లు ఒక పరీక్ష చేస్తారు. అయిదు సెంటీమీటర్ల తెల్ల అట్టముక్కకు వేజలీను పల్చగా రాసి గేటు దగ్గర, కిటికీలో, వేపచెట్టు కింద 24 గంటలు వేలాడదీసి, భూతద్దంతో చదరపు సెంటీమీటరులో రేణువులు లెక్కపెడతారు. వేజలీను మందంగా రాస్తే ఎండకు కారిపోతుంది, రాత్రి దీపం దగ్గర పెడితే పురుగులు అంటుకుని లెక్క చెడుతుంది. ఇందులో దొరికేది పెద్ద దుమ్మే, సన్నపొగ దీనికి కనిపించదని కూడా పిల్లలకు చెబుతున్నాం. లెక్కలు నోటీసు బోర్డులో పెడతాం.

ఉబ్బసం ఉన్న పిల్లల తల్లిదండ్రులు డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలరు, స్పేసరు మీద పిల్లల పేరు రాసి సోమవారంలోగా ఆఫీసులో ఇవ్వండి. డోసు చీటీ జతచేయండి. ఇన్‌హేలరు గడువు తేదీ, లోపల మందు ఉందో లేదో ఇంట్లోనే చూసుకుని పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయిని